లైటు వెలిగినంత మాత్రాన నెట్‌వర్క్ కార్డు కుదిరినట్టు కాదు

"గా డబ్బాల లైటు మంచిగనే వెలుగుతుంది గదన్నా, మళ్ల ఆగుడేంది?"

షెడ్డు ఓనరు ఈ మాట అడిగిన రాత్రి నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ బాలానగర్‌లో ఓ సందు చివర రేకుల షెడ్డు, అందులో పాతదే అయినా దిట్టమైన మిల్లింగ్ మిషన్, దానికి నేను పెట్టిన కొత్త కంట్రోలు. ఆరు గంటల కటింగ్‌లో నాలుగో గంట దాటాక మిషన్ టక్కున ఆగిపోయింది. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ ఆగేలోపు గుండ్రటి మొన ఉన్న బాల్‌నోస్ కట్టర్ ఉన్నచోటే తిరిగి పీ20 స్టీలులో చిన్న గుంట చేసింది. అది కంటికి సరిగ్గా ఆనదు, గోరు పెట్టి గీస్తే తగులుతుంది. ప్లాస్టిక్ మూతలు తీసే మౌల్డు అది. గుంట అలాగే ఉంటే తీసిన ప్రతి మూత మీదా మొటిమలా దిగుతుంది. ఓనరు బొటనవేలితో ఆ చోటును రెండు మూడు సార్లు తడిమి చూసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

తెర మీద ఉన్నది ఒక్కటే లైను: ఎర్రర్ ఫినిషింగ్ రీడ్. చదవడం పూర్తి కాలేదు అని. ఎవరిని, ఏం చదవడం?

కంట్రోలు అంటే మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరే. ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఏదో ఆఫీసులో ఏళ్లపాటు పనిచేసి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌గా నా చేతికొచ్చింది. అందులో డెబియన్ 12 అనే లైనక్స్, దానికి రియల్‌టైమ్ కెర్నెల్ (పనులను వేళకు చేయించే లోపలి భాగం), వాటి మీద మిషన్‌ను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ. ఈ సాఫ్ట్‌వేర్ 1990లలో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ పేరుతో మొదలై, 2011లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఒకప్పుడు ప్రింటర్ తగిలించే ప్యారలల్ పోర్టు నుంచే మోటార్లకు పల్సులు పంపేవాళ్లు. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టు కనిపించకుండా పోయాక చాలామంది, ఆ పల్సులు పంపే పని చేసే మెసా కంపెనీ బోర్డులకు మారారు. మాది 7ఐ96ఎస్. కంప్యూటర్‌కూ దీనికీ మధ్య ఉన్నది ఒక్క ఈథర్నెట్ తీగ. ఇంటర్నెట్ ఉండదు, రౌటర్ ఉండదు, ఈ కొస కంప్యూటర్, ఆ కొస బోర్డు.

ఆ తీగ మీద ప్రతి మిల్లీసెకనుకూ ఒక సంభాషణ జరుగుతుంది. ఇప్పటిదాకా ఎన్ని పల్సులు పంపావు అని కంప్యూటర్ అడుగుతుంది, బోర్డు చెబుతుంది, అయితే ఇక ఇంత వేగంతో నడు అని కంప్యూటర్ అంటుంది. సెకనుకు 1000 సార్లు. ఫీడ్, అంటే కట్టర్ ముందుకు కదిలే వేగం, నిమిషానికి 1500 మిల్లీమీటర్లు ఉందనుకోండి, ఒక్కో మిల్లీసెకనులో కట్టర్ 25 మైక్రాన్లు కదులుతుంది. జవాబు కోసం లైనక్స్‌సీఎన్‌సీ మామూలుగా ఆ మిల్లీసెకనులో 80 శాతం, అంటే 800 మైక్రోసెకన్లు ఎదురుచూస్తుంది. ఆ తర్వాత వచ్చిన జవాబు రానట్టే లెక్క. అటువైపు బోర్డుకూ ఓ కాపలా ఉంది: 5 మిల్లీసెకన్లపాటు కంప్యూటర్ పలకకపోతే అది అవుట్‌పుట్లన్నీ ఆపేస్తుంది. ఆపేయాలి కూడా. మిషన్ ముందు నిలబడ్డ మనిషి వేళ్లు కాపాడేది అదే.

రియల్‌టైమ్ అనగానే మనవాళ్లు స్పీడు అనుకుంటారు. వేగం వేరు, వేళ వేరు. ముహూర్తం దాటిపోయాక పురోహితుడు ఎంత గబగబా మంత్రాలు చదివినా ఆ ముహూర్తం తిరిగి రాదు. ఈ ఒక్క తేడా బుర్రకెక్కకపోతే నెట్‌వర్క్ కార్డు విషయంలో ఎన్ని కార్డులు మార్చినా ఉపయోగం ఉండదని నా అభిప్రాయం, ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. దుకాణంలో "గిగాబిట్ సార్, టాప్ స్పీడు" అంటూ కార్డు చేతిలో పెడతారు. మెసా బోర్డు మాట్లాడేది 100 మెగాబిట్లలోనే. 200 బైట్ల ప్యాకెట్ (ఒక విడత సమాచారం) ఆ తీగ మీద నడవడానికి 16 మైక్రోసెకన్లు చాలు. మనకున్న గడువు 800. తీగ మీద పోయే టైము ఇందులో ఏ మూలకూ రాదు. ఆలస్యమంతా కంప్యూటర్ డబ్బాలోనే, ప్యాకెట్ కార్డుకు చేరాక దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పని పక్కనపెట్టి అందుకుంటారన్న దగ్గరే ఉంటుంది.

కానీ నేను కూడా ముందు డబ్బా బయటే వెతికాను. స్పిండిల్ తిప్పే వీఎఫ్‌డీ పక్కనే ఉంది, దాని నుంచి నాయిస్ వస్తోందేమో అని తీగను దూరం జరిపాను. ఎర్తింగ్ మళ్లీ చేయించాను. తీగ మార్చి షీల్డ్ ఉన్న క్యాట్ 6 వేశాను. రెండు ఆదివారాలు దీనికే పోయాయి. నిజానికి ఈ అనుమానం తీర్చుకోడానికి రెండు నిమిషాలు చాలు. నాయిస్ వల్ల ప్యాకెట్ చెడిపోతే కార్డు దాన్ని సీఆర్‌సీ ఎర్రర్ (చెడిన ప్యాకెట్) కింద లెక్కపెట్టుకుంటుంది, ఈథ్‌టూల్ అనే కమాండుతో ఆ లెక్కలన్నీ చూడొచ్చు. నేను చూసేసరికి అక్కడ సున్నా. అంటే ఒక్క ప్యాకెట్ కూడా చెడలేదు. అన్నీ వచ్చాయి, కొన్ని ఆలస్యంగా వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను కార్డు దృష్టిలో తప్పు అనలేం కాబట్టి ఆ కౌంటర్లలో దాని జాడ ఉండదు.

ఇక మామూలు కొలతలతో చూస్తే ఆ మదర్‌బోర్డు మీదున్న లాన్ (నెట్‌వర్క్) చిప్‌కు వంక పెట్టడానికే లేదు. లైనక్స్ దాన్ని గుర్తుపట్టింది. డ్రైవర్ దానంతటదే ఎక్కింది. లైటు వెలిగింది. పింగ్ కొడితే, అంటే పలకరించి జవాబుకు పట్టే టైము చూస్తే, సగటున 0.13 మిల్లీసెకన్లు. ఇంకేం కావాలి, కంపాటిబుల్ అనేస్తాం, అందరం అలాగే అంటాం. ఇంట్లో సినిమా చూడ్డానికీ, ఆఫీసులో ఫైళ్లు పంపుకోడానికీ ఆ మాట సరిపోతుంది. మిషన్‌కు సరిపోదు. ఎందుకో ఒక చిన్న లెక్క చెప్తాను. సెకనుకు 1000 చొప్పున 8 గంటల షిఫ్టులో ఆ సంభాషణ 2 కోట్ల 88 లక్షల సార్లు జరుగుతుంది. లక్షకు ఒక్క జవాబు ఆలస్యమైనా షిఫ్టుకు 288 ఆలస్యాలు. సగటులో అవి కనిపించనే కనిపించవు. 99,999 సార్లు బుద్ధిగా వచ్చి ఒక్కసారి 3 మిల్లీసెకన్లకు వస్తే సగటు వెంట్రుకవాసి కూడా కదలదు. సగటు చూసి ఇలాంటి పనికి కార్డు ఎంచుకోవడం, వంతెన సగటు బలం చూసి లారీ తోలడం లాంటిది. చూడాల్సింది అన్నిటికంటే గడ్డు క్షణంలో అది ఏం చేసిందన్నది.

ఆ గడ్డు క్షణాన్ని లైనక్స్‌సీఎన్‌సీయే రాసి పెట్టుకుంటుంది. రీడ్ టీమ్యాక్స్ అని ఒక విలువ ఉంటుంది, చదవడానికి ఇప్పటిదాకా పట్టిన అత్యధిక సమయం అది. ఒక మెలిక ఉంది, ఆ అంకె మైక్రోసెకన్లలో కాకుండా ప్రాసెసర్ క్లాకుల్లో ఉంటుంది. మా ప్రాసెసర్ 3.3 గిగాహెర్ట్‌జ్ కాబట్టి వచ్చిన అంకెను 3,300తో భాగించాలి. ఆ రాత్రి మిషన్ ఆగాక కనిపించిన అంకె 27,30,000. అంటే 827 మైక్రోసెకన్లు. గడువు 800 అయితే, ఎదురుచూసి ఎదురుచూసి వదిలేసిందన్నమాట. మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక్కో రీడ్‌కు పట్టే సమయం 3,96,000 దగ్గర, అంటే 120 దగ్గర ఉండేది.

ఇంకో అంకె చూసి నాకు నిజంగా భయమేసింది. మెసా డ్రైవర్ ఒక్క తప్పుకే మిషన్ ఆపదు. జవాబు రాని ప్రతిసారీ ఒక లెక్కకు 2 కలుపుతుంది, సరిగ్గా వచ్చిన ప్రతిసారీ 1 తీసేస్తుంది, ఆ లెక్క 10కి చేరితే అప్పుడు ఆపుతుంది. మొత్తం తప్పులెన్నో విడిగా ఒక పిన్ను (లైనక్స్‌సీఎన్‌సీలో ఒక విలువ చూపే గడి) చెబుతుంది. మిషన్ ఆగింది ఒక్కసారే, ఆ పిన్నులో ఉన్నది మాత్రం 41. అంతకుముందు చాలాసార్లు జవాబు రాక, సాఫ్ట్‌వేర్ సర్దుకుపోయి, కట్టర్ పాత వేగంతోనే ఇంకో మిల్లీసెకను నడిచేసి, మళ్లీ దారిలో పడుతూ వచ్చిందన్నమాట. "మా మిషన్ ఎప్పుడూ ఆగలేదు, మా కార్డు బాగుంది" అనేవాళ్లను నేను వాదనకు పిలిచేది ఇక్కడే. ఆగకపోవడం రుజువు కాదు. ఆ పిన్ను తెరిచి చూడండి.

తర్వాత అందరూ చేసేదే నేనూ చేశాను. లైనక్స్‌సీఎన్‌సీ వాడేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది: మదర్‌బోర్డు మీదున్న చిప్‌ను వదిలెయ్, ఇంటెల్ కార్డు కొని పెట్టెయ్. ఫలానాది మంచిది, ఫలానాది చెత్త అని జాబితాలు. సీటీసీకి వెళ్లి 82574ఎల్ చిప్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కార్డు 900 రూపాయలకు తెచ్చాను. (మీరూ అలా కొంటే పైన స్టిక్కర్ చూసి నమ్మకండి. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండు కొట్టి ఐడీ చూడండి. ఇంటెల్ చిప్ ఐడీ 8086తో మొదలవుతుంది, ఈ చిప్‌కు దాని తర్వాత 10డీ3 ఉంటుంది.) కార్డు పెట్టాక టీమ్యాక్స్ 600 మైక్రోసెకన్లకు దిగింది. రెండు రోజులు ఒక్క తప్పూ లేదు. సమస్య తీరిపోయిందని ఓనరుకు చెప్పేశాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ ఆగింది. ఈసారి నేను పక్కనే ఉన్నాను. ఒక జాబ్ నడుస్తుండగా ఆపరేటర్ తర్వాతి జాబ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చాడు. గుచ్చాడు, ఫోల్డర్ తెరిచాడు, కాపీ కొట్టాడు, మిషన్ ఆగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "పోయినసారి కూడా గిట్లనే పెట్టినన్నా" అన్నాడు మెల్లగా, తప్పు తనదేమో అన్న భయంతో. ఆ పిల్లాడి తప్పు రవ్వంత లేదు. పని జరుగుతుండగా తర్వాతి పని సిద్ధం చేసుకోవడం మంచి ఆపరేటర్ లక్షణం. కంప్యూటర్ దానికి తట్టుకోకపోతే తప్పు కంప్యూటర్ కట్టినవాడిది, అంటే నాది.

కటింగ్ లేకుండా, గాలిలో మిషన్ నడిపిస్తూ, ప్రాక్ ఇంటరప్ట్స్ అనే ఫైలును తెర మీద తెరిచి పెట్టుకున్నాం. ఏ పరికరం ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచింది, ఏ కోరును పిలిచింది అనేది అందులో నిలువు వరసల్లో కనిపిస్తుంది. నెట్‌వర్క్ కార్డు అంకె మొదటి వరసలో సెకనుకు వెయ్యి చొప్పున పెరుగుతోంది. పెన్‌డ్రైవ్ పెట్టాం. యూఎస్‌బీ అంకె కూడా అదే మొదటి వరసలో పరుగు మొదలెట్టింది. హార్డ్ డిస్కుదీ అక్కడే. నాలుగు కోర్లున్న ప్రాసెసర్‌లో ఒక కోరును సర్వో థ్రెడ్ (మెసా బోర్డుతో ప్రతి మిల్లీసెకనూ మాట్లాడే పని) కోసం నేనే వేరు చేసి పెట్టాను, కానీ దానికి కబురు తెచ్చే కార్డును అందరితోపాటు సున్నా కోరు (అంటే మొదటిది) ముందు క్యూలో నిలబెట్టాను.

రియల్‌టైమ్ కెర్నెల్ ఉన్నా ఇది ఎందుకు జరుగుతుందంటే, ఆ కెర్నెల్‌లో ఇంటరప్టులు (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే పిలుపులు) కూడా థ్రెడ్లుగానే, అంటే వంతు కోసం ఆగే పనులుగానే నడుస్తాయి, మామూలుగా అన్నిటికీ ఒకే ప్రాధాన్యం, 50. సమాన ప్రాధాన్యం ఉన్నవి ఒకదాన్నొకటి పక్కకు నెట్టవు. యూఎస్‌బీ పని పూర్తయ్యేదాకా నెట్‌వర్క్ పని ఆగాల్సిందే. దానికి తోడు ప్యాకెట్‌ను కార్డు నుంచి పైకి తెచ్చే పని కోరుకు ఒకటే ఉండే తాళం కింద జరుగుతుంది, ఆ తాళం వేరే పని చేతిలో ఉంటే మళ్లీ ఎదురుచూపే. ఒక్క ప్యాకెట్ కాదు, వరసగా ఐదారు ఇలా ఆలస్యమైతే ఆ లెక్క 10 దాటడానికి ఎంతసేపు.

చేసిన మార్పు చిన్నదే. 2, 3 కోర్లు రెండింటినీ వేరు చేశాను. సర్వో థ్రెడ్ 3లో, కార్డు ఇంటరప్టు 2లో, ఆ ఇంటరప్టు థ్రెడ్ ప్రాధాన్యం 50 నుంచి పైకి. ఇంటరప్టులను తనకు తోచినట్టు అటూ ఇటూ తిప్పే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే సర్వీసును తీసేశాను. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, 4 జీబీ ఫైలు కాపీ చేసి, బ్రౌజర్ తెరిచి, ఎలా వీలైతే అలా కంప్యూటర్‌ను ఇబ్బంది పెట్టాం. ఆపరేటరైతే ఎక్కడ లేని హుషారుతో నాలుగు పెన్‌డ్రైవ్‌లు తెచ్చాడు. టీమ్యాక్స్ 380 దాటలేదు.

380 కూడా ఎక్కువే అనిపించింది. అక్కడ కార్డు సెట్టింగే కారణం. నెట్‌వర్క్ కార్డులు ప్యాకెట్ రాగానే ప్రాసెసర్‌ను లేపవు. ఇంకొన్ని వస్తాయేమో, అన్నీ కలిపి ఒకేసారి చెబుదాం అని కాసేపు ఆగుతాయి. మన షేర్ ఆటోవాడు సీట్లు నిండేదాకా కదలడు చూడండి, అదే పద్ధతి. ఈ కార్డును నడిపే ఈ1000ఈ డ్రైవర్ మామూలు సెట్టింగులో ఆ ఆగడం 50 నుంచి 250 మైక్రోసెకన్ల దాకా ఉండొచ్చు. సర్వర్లో లక్షల ప్యాకెట్లు పోతున్నప్పుడు అది తెలివైన పని. మన ఆటోలో ఎక్కేది మాత్రం మిల్లీసెకనుకు ఒక్క మనిషి, రెండోవాడు ఎలాగూ రాడు, ఎవరి కోసం ఆగడం? మెసా డ్రైవర్ మాన్యువల్‌లోనే ఉంది, ఆ విలువను సున్నా చెయ్యమని. ఈథ్‌టూల్‌తో సున్నా చేశాను. 170కి దిగింది.

ఇక్కడితో ఆపొచ్చు. మిషన్ నడుస్తోంది, ఓనరు సంతోషంగా ఉన్నాడు. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. అసలు ఆ మదర్‌బోర్డు మీద చిప్ చేసిన పాపం ఏంటి? దాన్ని కొలవకుండానే తీసేశాను కదా. ఓ శనివారం సాయంత్రం షెడ్డు మూసేముందు తీగను మళ్లీ పాత పోర్టుకు మార్చాను. ఈసారి దాని ఇంటరప్టును కూడా 2వ కోరుకు పంపి, ప్రాధాన్యం పెంచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పొదుపు పద్ధతి అయిన ఏఎస్‌పీఎంను కెర్నెల్ నుంచి ఆపేసి, రాత్రంతా గాలిలో నడిపించాను. పొద్దున చూస్తే 500 మైక్రోసెకన్లు. తప్పుల పిన్నులో సున్నా.

అవును, సున్నా. జాబితాల్లో చెత్త అని రాసినది, నేను అందరి మాట విని తీసేసినది, సరైన చోట కూర్చోబెడితే రాత్రంతా తప్పు లేకుండా నడిచింది. మంచిది అని రాసిన కార్డు సరైన చోట లేకపోతే పెన్‌డ్రైవ్‌కే పడిపోయింది. కంపాటిబిలిటీ అనేది కార్డుకు ఉండే గుణం కాదని నేను గట్టిగా అనేది ఇందుకే. ఆ చిప్, ఆ డ్రైవర్, ఆ కెర్నెల్ వెర్షను, ఆ బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం), ఆ ఇంటరప్టు ఏ కోరుకు పోతోందన్నది, పక్కన ఇంకేం నడుస్తున్నాయన్నది, ఇన్ని కలిస్తే వచ్చే ఒక అంకె అది. గడువుకూ ఆ అంకెకూ మధ్య ఎంత ఎడం మిగిలింది అన్నదే ప్రశ్న. ఔను, కాదు అని ఒక్క ముక్కలో తేలేది కాదు.

అలాగని పాత చిప్‌నే ఉంచేశానా అంటే లేదు. 170 దగ్గర నాకు 630 మైక్రోసెకన్ల ఎడం ఉంది, 500 దగ్గర 300. రేపు ఇంకేదో ప్రోగ్రాం పెడతారు, ఎండాకాలం వస్తుంది, దుమ్ము పడుతుంది. 900 రూపాయలకు అంత అదనపు ఎడం దొరుకుతుంటే తీసుకోవాల్సిందే. ఇంకో కారణం కూడా ఉంది. మదర్‌బోర్డు మీదున్న ఆ పాత చిప్‌కు కెర్నెల్‌లో ఒక డ్రైవర్, తయారీదారు విడిగా ఇచ్చేది ఇంకోటి. విడిగా ఇచ్చేది కొంచెం మెరుగ్గా నడుస్తుందని చాలామంది వేసుకుంటారు. అయితే దాన్ని ప్రతి కొత్త కెర్నెల్‌కూ మళ్లీ కట్టుకోవాలి, అందుకు రియల్‌టైమ్ కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ (డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) ఉండాలి. మామూలు కెర్నెల్ హెడర్లుండి ఇది లేకపోతే ఏమవుతుంది? అప్‌డేట్ అయ్యాక ఆ డ్రైవర్ తయారవదు, పాత డ్రైవర్ చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటుంది. లైటు వెలుగుతుంది. పింగ్ పోతుంది. నెల క్రితం చేసిన పరీక్ష మాత్రం చెల్లదు. ఇలాంటివి షెడ్డులో ఎవరు కనిపెడతారు? నేను లేనప్పుడు కూడా నిలబడే ఏర్పాటు కావాలి నాకు.

కొలిచేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది, దానికి నేనూ బలయ్యాను. మిల్లీసెకనుకొక పింగ్ పంపే పరీక్ష చాలామంది చేస్తారు, మంచిదే. కానీ లైనక్స్‌సీఎన్‌సీ మూసేసి ఉత్త పింగ్ మాత్రమే కొడితే ప్రాసెసర్ మధ్యమధ్యలో గాఢనిద్రలోకి జారుకుంటుంది. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో సీ6 అనే నిద్ర నుంచి లేవడానికే 133 మైక్రోసెకన్లని కెర్నెల్ పట్టికలో ఉంది. లైనక్స్‌సీఎన్‌సీ నడుస్తున్నప్పుడు అది ప్రాసెసర్‌ను అలా పడుకోనివ్వదు. అందుకని ఉత్త పింగ్‌లో వచ్చిన అంకె చూసి ఒక రాత్రంతా లేనిపోని టెన్షన్ పడ్డాను. ఏది నడుస్తుండగా మిషన్ నడవాలో అది నడుస్తుండగానే కొలవాలి. ఐదు నిమిషాలు కొలిచి వదిలేస్తే 3 లక్షల జవాబులు చూసినట్టు, షిఫ్టులో ఉండేవి 2 కోట్ల 88 లక్షలు. రాత్రంతా వదలండి. పక్కన కంప్యూటర్‌కు పని కూడా పెట్టండి, ఖాళీగా ఉన్నప్పుడు అన్ని కార్డులూ మంచివే. ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి అంకె ఎగిరి పడుతుంటే బయోస్‌లోకి వెళ్లి లెగసీ యూఎస్‌బీ సపోర్టు ఆపి చూడండి. బయోస్ తన పని కోసం ప్రాసెసర్‌ను లాక్కునే ఎస్‌ఎంఐ అనే ఇంటరప్టులు కెర్నెల్‌కు కనిపించవు, ఏ కార్డు మార్చినా పోవు.

ఇదంతా చెబితే కొందరు మిత్రులు అంటారు, ఇంత బాధ ఎందుకు, కంపెనీ కంట్రోలర్ పెట్టించుకోమనొచ్చు కదా అని. వాళ్ల మాటలో న్యాయం ఉంది. పేరున్న కంట్రోలర్ తయారీదారులు కార్డు, చిప్, సాఫ్ట్‌వేర్ అన్నీ ముందే కొలిచి మూసిన డబ్బాలో ఇస్తారు, ఆ డబ్బు ఆ కొలతకే. మూడు షిఫ్టులు నడిచే పెద్ద ఫ్యాక్టరీకి నేనూ అదే చెప్తాను. కానీ బాలానగర్, జీడిమెట్ల సందుల్లో ఒకటి రెండు మిషన్లతో జాబ్ వర్క్ చేసుకునేవాడి సంగతి వేరు. ఇనుము గట్టిగానే ఉంటుంది, హెచ్‌ఎంటీ, ప్రాగా మిషన్ కంపెనీల కాలం నాటి గట్టి ఇనుము. కంట్రోల్ కార్డు ఒకటి చచ్చిపోయి, దానికి విడిభాగం దొరక్క, కొత్త కంట్రోలుకు లక్షలు లేక, టార్పాలిన్ కప్పుకుని మూల కూర్చున్న మిషన్లు నేను ఎన్నో చూశాను. పక్కన వాటి ఓనరు ఇంకొకరి దగ్గర సెట్టర్‌గా పనిచేస్తుంటాడు. ఆ టార్పాలిన్ తీయించే దారి ఇది. రిపేరు చేసే విద్య కూడా మన చేతిలోనే ఉంటుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రియల్‌టైమ్ ఏంటి అనే మాట కూడా ఇప్పుడు చెల్లదు. ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే రియల్‌టైమ్ పని మొదలై ఇరవై ఏళ్లు, ఇన్నాళ్లూ విడిగా అతుకులేసుకుంటూ నడిచింది. 2024 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన సభలో ఆ పనిని నడిపించిన థామస్ గ్లైక్స్‌నర్ దాన్ని కలపమనే అభ్యర్థనను కాగితం మీద అచ్చేసి, బంగారు రంగు కాగితంలో చుట్టి లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతికిచ్చాడు. 6.12 కెర్నెల్‌తో అది అసలు లైనక్స్‌లో కలిసిపోయింది. ఇరవై ఏళ్లు వాళ్లు ఒక్కో ఆలస్యాన్నీ వెతికి వెతికి తీసేస్తే, ఆఖర్న మనం కార్డు ఇంటరప్టును పెన్‌డ్రైవ్ పక్కన కూర్చోబెట్టి కెర్నెల్ మంచిది కాదనడం ఆ శ్రమకు అన్యాయం.

నేను కోరేది ఒకటే, ముఖ్యంగా ఇలాంటి మిషన్లు కట్టి అమ్మే తమ్ముళ్లను. ఫలానా కార్డు పనిచేస్తుంది అని చెప్పడం మానేయండి. ఫలానా చిప్, ఫలానా డ్రైవర్, ఫలానా కెర్నెల్, ఇన్ని గంటలు, ఇంత పని మధ్య, టీమ్యాక్స్ ఇంత అని చెప్పండి. ఆ అంకెలు లేని మాట దుకాణంవాడి మాటతో సమానం. మిషన్ అప్పగించేటప్పుడు ఆ అంకెను ఓనరుకు చూపించండి, ఎలా చూడాలో నేర్పండి. అది మన వ్యాపార రహస్యమేం కాదు. ఆ మిషన్ మీద అప్పు కట్టేది ఆయన.

బాలానగర్ షెడ్డులో కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపలివైపు ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. కార్డు ఐడీ, డ్రైవర్, కెర్నెల్ వెర్షను నేను రాశాను. అనుమతి లేకుండా కెర్నెల్ మారకుండా ఆ ప్యాకేజీని పట్టి ఉంచాను, ఆ సంగతి కూడా అందులో ఉంది. దాని కింద గళ్లు. ప్రతి శనివారం మిషన్ ఆపేముందు ఆపరేటర్ టీమ్యాక్స్ చూసి, 3,300తో భాగించి, తేదీ వేసి రాస్తాడు. భాగహారం ఫోన్లోనే చేస్తాడు. పదకొండు వారాలైంది. 168, 171, 170, 174... ఒక్క వారం 240 వచ్చింది. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "అన్నా, ఏం ఆగలే గని, నంబర్ పెరిగింది, ఒకసారి వస్తవా?" అన్నాడు. వెళ్లి చూస్తే ఎవరో వైఫై డాంగిల్ పెట్టి మర్చిపోయారు. తీసేశాం.